గోడలో పిడికెడు సందు

ఆ గురువారం పొద్దున క్లిఫర్డ్, హిల్డా కుర్చీ గురించి పోట్లాడుకున్నారు. వంటింటి ఉత్తరపు గోడలో, రాళ్ల మధ్య పిడికెడంత సందు ఉంది. అందులోంచి వచ్చే చలిగాలి సరిగ్గా క్లిఫర్డ్ మెడకి తగులుతుంది. కుర్చీ ఇవతలికి జరుపుకోమంటుంది భార్య. తాత కూర్చున్న చోటు నుంచి జరిగేది లేదంటాడు ఆయన. ఈలోగా ఓట్స్ జావ చల్లారిపోయింది.

"మీ తాతకి మెడ ఉండేది కాదేమో మరి. ఆయనెప్పుడూ ఏమీ అనలేదు," అంది హిల్డా.

ఆమె ధ్యాసంతా పదకొండింటికి రాబోయే పాత కట్టడాల అధికారిణి మిస్ పెంబర్టన్ మీదే ఉంది. మూడు వందల యాభై ఏళ్ల ఆ రాతి ఇంట్లో అనుమతి లేకుండా ఒక రాయి కదపకూడదు. ఉత్తరపు గోడకి కిటికీ పెట్టుకోనివ్వమని హిల్డా రాసుకున్న మూడో అర్జీ ఇది. ముప్ఫై ఏళ్లుగా మిట్టమధ్యాహ్నం కూడా దీపం వేసుకుని బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. ఈసారి కాదంటే ఇక రాయనని చెప్పేసింది.

ఆమె పైగదిలో బట్టలు మార్చుకునేలోగా క్లిఫర్డ్ కొట్టంలోంచి సిమెంటు తెచ్చి, సందు పూడ్చేశాడు. గంటలో రాయిలా బిగిసే రకం. ఇలాంటి ఇళ్లకి సున్నమే వాడాలని ఆ లోయలో తెలియనివాళ్లు లేరు. అందుకే దాని మీద గొర్రెల సంతవాళ్ల క్యాలెండరు తగిలించాడు.

కాసేపటికే వంటిల్లంతా పొగ కమ్మింది. పొయ్యికి గాలి అందేది ఆ సందులోంచేనని ఆయనకి తట్టలేదు. పొగగొట్టంలో కాకులు గూడు పెట్టి ఉంటాయనుకుని పక్క పొలం రెజ్‌ని పిలిచాడు. రెజ్‌ది పాతకాలపు పద్ధతి. నిప్పు ఆర్పించి, హాలీ అనే ముళ్లాకుల చెట్టు కొమ్మని తాడుకి కట్టి, పొగగొట్టంలోంచి పైనుంచి కిందికి లాగించాడు. గూడు రాలేదు కానీ, మూడేళ్ల మసి వచ్చింది. అందులో సగం, కిందికి దిగి వచ్చిన హిల్డా ఇస్త్రీ జాకెట్టు మీద పడింది.

"ఇప్పుడు అద్దంలా ఉందిరా. వెలిగించు," అన్నాడు రెజ్.

వెలిగిస్తే పొగ రెట్టింపయింది. అప్పుడే మిస్ పెంబర్టన్ తలుపు తట్టి లోపలికి వచ్చింది.

దగ్గుతూనే హిల్డా గోడ వైపు చూసింది. "క్లిఫర్డ్, ఆ క్యాలెండరు నిన్న అక్కడ లేదు," అంది మెల్లగా.

ఆయన క్యాలెండరు తీసి, సుత్తి అందుకున్నాడు. సిమెంటు రాలేదు. గట్టిగా కొట్టేసరికి సిమెంటుతో పాటు గోడ మీది సున్నపు పూత బారెడు మేర ఊడి కింద పడింది. వెనక చెక్కిన రాతి చట్రం, నడిమిన రెండు రాతి కమ్మీలు కనిపించాయి.

"సుత్తి కింద పెట్టండి," అంది మిస్ పెంబర్టన్. మసిలోనే మోకాళ్ల మీద కూర్చుని చట్రమంతా తడిమి చూసింది. ఇల్లు కట్టినప్పటి కిటికీ అట అది. ఇంటికి ఎన్ని కిటికీలుంటే అంత పన్ను కట్టిన కాలంలో ఎవరో రాళ్లు పేర్చి మూసేశారు. వాళ్లు సరిగ్గా పూడ్చని మూలే ఈ సందు.

హిల్డా అందుబాటులో ఉన్న కుర్చీలో కూలబడింది. కిటికీ కావాలని అర్జీ రాసుకుంటున్నది కిటికీ ఉన్న గోడకే.

సిమెంటు సంగతి తాను చూడలేదనుకుంటానంది అధికారిణి. కొత్త కిటికీకి అనుమతి రాదు. పాతది తెరుచుకోవచ్చు, కానీ మొదట ఎలా ఉండేదో అలాగే ఉంచాలి. దీనికి అద్దం బిగించే గాడి లేదు కాబట్టి చెక్క తలుపే పెట్టాలి. వద్దంటే సున్నంతో మళ్లీ మూసేయాలి. ఏ సంగతీ రేపటికల్లా చెప్పమంది.

ఎవరూ అడగకుండానే క్లిఫర్డ్ మధ్యాహ్నమంతా మసి తుడిచాడు. గోడని రేపు తానే సున్నంతో పూడ్చేస్తానని రాత్రి భోజనం దగ్గర చెప్పబోయాడు. హిల్డా ఆయన కంచంలో గొర్రె మాంసం కూర వడ్డించి, గరిటె పక్కన పెట్టింది.

"తెరుస్తున్నాం. అద్దం లేకపోయినా సరే," అంది.

ఆయన భార్య ముఖంలోకి చూశాడు. ఆమె అప్పుడే వెలుతురులో కూర్చున్నట్టుంది. సరేనన్నాడు.

కిటికీ తెరవడానికి ఇంకా నాలుగు నెలలు పడుతుంది. క్లిఫర్డ్ మాత్రం అప్పుడే లేచి వెళ్లి, మెడ దాకా కోటు వేసుకుని వచ్చి, తాత చోట్లోనే కూర్చుని కూర తిన్నాడు.