ఫ్లెక్సీ మీద కొండ

కొండ నేల మీదే ఉండాలనే మూఢనమ్మకాన్ని మనం ఇకనైనా వదులుకోవాలి! నేల మీది కొండతో ఏం లాభం? ఎక్కితే మోకాళ్లు పోతాయి. పక్కకు జరగమంటే జరగదు. అదే కంప్యూటర్లో పుట్టిన కొండ అయితే అడిగిన చోట నిలబడుతుంది, అడిగినంత పెరుగుతుంది, నెత్తిన ఎన్ని మబ్బులు పెట్టమంటే అన్ని పెట్టుకుంటుంది. ఈ సత్యాన్ని నెల్లూరు జిల్లాకు చాటిన మహానుభావుడు మనుబోలులో ఉన్నాడు. చాటినట్టు పాపం ఆయనకే తెలియదు.

ఆయన పేరు క్రీస్తురాజు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు తీగలు కలిపి రిటైరయ్యాడు. ఆ తర్వాత ఇంట్లో పాత కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. ఒక గీత గీయమంటాడు. దాని నడిమి చుక్కను పైకో కిందికో కాస్త లాగమంటాడు. ఇప్పుడు రెండు గీతలయ్యాయి కదా, వాటి నడిమి చుక్కల్నీ లాగమంటాడు, ఈసారి ఇంకొంచెం తక్కువగా. పది పన్నెండు సార్లు ఇలా చేసేసరికి ఆ గీత అచ్చం కొండ అంచులా గరుకు తేలుతుంది. అదే లెక్కకు తెలుపూ బూడిదరంగూ అద్దితే మబ్బులు! దీన్ని ఫ్రాక్టల్ అంటారని భార్య ఫేబీకి చెప్పాడు.

"అట్నా! ఆ మబ్బుల్ని మిద్దె మీదికి పంపు, ఎండకు చస్తా వుండాం" అన్నది ఆవిడ.

ఆయనకు కావలసింది వాన కాదు, మెప్పు. ఫోన్లు పలికినంత కాలం తీగలు కలిపేవాడొకడు ఉన్నాడని ఎవరికి గుర్తుంటుంది? అందుకే తన కొండల్లోకెల్లా మంచిదాన్ని ఎంచి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు.

దాన్ని సుకుమార్ చూశాడు. ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తాడు, తక్కిన ఆరు రోజులూ ప్లాట్లు అమ్ముతాడు.

"అంకుల్, ఈ ఫొటో యాడ తీసినారు?"

"తీయలేదబ్బాయ్. చేసినాను."

"చేసినారా? అయితే ఇంకా మంచిది. ఎవర్నీ పర్మిషన్ అడగబళ్లేదు!"

క్రీస్తురాజు పొంగిపోయి ఇచ్చేశాడు. నెల తిరిగేసరికి హైవే పక్కన ఇరవై అడుగుల ఫ్లెక్సీ లేచింది. 'మేఘగిరి ఎన్‌క్లేవ్, దొరవారిసత్రం దగ్గర. కొండ నీడలో మీ సొంత చోటు!' ఆయన దాని ముందు నిలబడి ఫొటో దిగాడు. దొరవారిసత్రం దగ్గర కొండేమిటని ఆయనకు తట్టలేదా? తట్టింది. కానీ ఇరవై అడుగుల మెప్పు ముందు ఆ చిన్న అనుమానం ఎంతసేపు నిలుస్తుంది?

ఆ ఫ్లెక్సీని చూసే ఆయన అక్క రెబెక్కమ్మ ప్లాటు కొన్నది. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. జీవితమంతా ఫినాయిలు వాసన పీల్చాను, ఇక కొండగాలి పీలుస్తానన్నది. మేలో ఒక మధ్యాహ్నం తమ్ముణ్ణి ఆటోలో ఎక్కించుకుని చూడబోయింది.

నేలంతా ఉప్పు పేరుకుని తెల్లగా ఉంది. సర్వే రాళ్లు, తుమ్మ చెట్లు, దూరంగా పులికాట్ సరస్సు మీద కొంగలు. అరచేతి ఎత్తు దిబ్బైనా లేదు.

"కొండేదిరా?" అన్నది రెబెక్కమ్మ.

"మంచు కమ్మింది మేడమ్" అన్నాడు సుకుమార్, కర్చీఫుతో చెమట తుడుచుకుంటూ.

క్రీస్తురాజు ఉన్నమాట చెప్పేశాడు. "అక్కా, ఆ కొండ నేను చేసిందే. కంప్యూటర్లో."

రెబెక్కమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "చేస్తే చేసినావు. అమ్మేవాడికి ఎందుకిచ్చినావురా?"

మెప్పు కోసమని ఒప్పుకోలేక ఆయన ఆటో వైపు నడిచాడు.

మర్నాడు కంప్యూటర్ని ఆటోలో వేసుకుని, కొనేవాళ్లు కూలర్ ముందు కూర్చునే టెంటుకు తీసుకొచ్చి బిగించాడు. అందరి ఎదుటా కొండను పుట్టించాడు. అంకె మార్చి పెంచాడు, కుదించాడు, మబ్బుల్ని చెరిపి మళ్లీ తెచ్చాడు. "చూసినారు కదా! అక్కడ కొండ లేదు. ఇది ఉత్త లెక్క!"

అప్పుడొక పెద్దమనిషి లేచి, "సార్, కొండ ఈశాన్యంలో ఉంటే వాస్తు దోషం. నైరుతికి జరపండి" అన్నాడు. వెనకనుంచి ఒకావిడ తన ప్లాటు వైపు చిన్న జలపాతం అడిగింది.

క్రీస్తురాజుకు ఒళ్లు మండింది. గరుకు అంకెను సున్నా చేశాడు. తెర మీద ఈ చివరనుంచి ఆ చివరకు ఒక్క చదును గీత మిగిలింది. "ఇదీ మీ ప్లాటు!"

"కంప్యూటర్ హ్యాంగైంది" అన్నారు అందరూ. ఆ పూట ఏడు ప్లాట్లు బుక్కయ్యాయి!

రెబెక్కమ్మ మాత్రం ప్రోగ్రాములు నమ్ముకోలేదు. టెంటు గుమ్మంలో కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని, వచ్చిన ప్రతి కారునూ ఆపి "కొండ లేదు నాయనా" అని మూడు రోజులు చెప్పింది. నాలుగో రోజు సుకుమార్ దణ్ణం పెట్టి ఆమె డబ్బు ఆమెకిచ్చి పంపించాడు. అదే రోజు క్రీస్తురాజు తన బొమ్మ వాడొద్దని ప్లాట్ల కంపెనీకి ఉత్తరం రాశాడు. ఫ్లెక్సీ మీంచి కొండ దిగిపోయింది.

దాంతో కొన్నవాళ్లు మనుబోలు పోలీస్ స్టేషనుకు వెళ్లారు. కంపెనీ మీద కాదు, అంత అన్యాయం చేస్తారా! క్రీస్తురాజు మీద. తమ కొండను చెరిపేశాడని.

"ఎందుకు పెద్దాయనా గొడవ? కొండను తిరిగి పెట్టేయండి" అన్నాడు ఎస్సై.

"నేల మీద కొండను నేనెట్లా పెట్టేది సార్?"

"నేల మీద ఎవరడిగారండీ? ఫ్లెక్సీ మీద పెట్టండి!"

"పెట్టను సార్" అన్నాడు క్రీస్తురాజు. అరవై మూడేళ్లలో ఆయన ఒక అధికారికి కాదని చెప్పడం అదే మొదలు. ఇంటికి నడుచుకుంటూ వెళ్లాడు. ఫేబీ పెట్టిన అన్నం మారడిగి మరీ తిన్నాడు.

నవంబరులో అసలు మబ్బులు వచ్చాయి. ఏ లెక్కకూ లొంగనివి. మూడు రోజులు కురిశాయి. మేఘగిరిలో సర్వే రాళ్లు మునిగాయి, టెంటు కొట్టుకుపోయింది, మోకాటి లోతు నీళ్లు నిలిచాయి. కొన్నవాళ్లు హైవే మీద కార్లాపి గుడ్లప్పగించి చూశారు.

వారానికల్లా కొత్త ఫ్లెక్సీ లేచింది. 'లేక్ వ్యూ ప్లాట్లు. రేటు పెరిగింది, త్వరపడండి!'

ఈసారి ఏ కంప్యూటరూ అక్కర్లేకపోయింది. ఫొటో అచ్చంగా అక్కడ తీసిందే.