ఉమ్మడి పెట్టెలో మాణిక్యాంబ

మాణిక్యాంబ పోయిన కొన్నాళ్లకు, ఆమె జ్ఞాపకాలన్నీ ఇంట్లోవాళ్ల తలల్లోంచి తీయించి, అందరికీ కలిపి ఒక ఉమ్మడి పెట్టెలో పెట్టించారు. కాకినాడలో ఇప్పుడు నలుగురూ చేస్తున్నదే. ఎవరి జ్ఞాపకాలు వాళ్లు మోసుకు తిరిగితే చోటు దండగ. హాల్లో రౌటరు పక్కన పెట్టె పెట్టుకుంటే కొడుకు చంద్రమౌళి తన ల్యాప్‌టాప్‌లోంచి, కోడలు హైమ తన ఆఫీసు కంప్యూటర్లోంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరుచుకోవచ్చు.

మాణిక్యాంబ భర్త భీమేశ్వరరావుకు కంప్యూటరు లేదు కాబట్టి, ఆయన తలనే నేరుగా వైఫైకి కలిపారు. పెట్టె ఆయన్ని పాత మోడలు కింద రాసుకుని, మారుమాట లేకుండా ఒప్పుకుంది.

“నొప్పేమన్నా ఉంటుందా బాబూ?” అని, బిగించడానికొచ్చిన సూరిబాబును అడిగాడు.

“ఆయ్, నొప్పేం ఉండదండి. కాస్త ఖాళీగా ఉంటదంతే. మళ్లీ పెట్టెలో చూసుకోడవేనండి.”

జ్ఞాపకాలు పెట్టెలోకి ఎక్కుతున్నంతసేపూ భీమేశ్వరరావు ఒక్క జ్ఞాపకాన్నే గట్టిగా పట్టుకున్నాడు. పెళ్లయిన కొత్తలో ఉప్పాడ ఒడ్డున ఆమె చెప్పు తెగింది. రెండు చెప్పులూ చేత్తో పట్టుకుని ఆయన ఆమె వెనకాలే నడిచాడు. “ఎవరైనా చూస్తే నవ్వుతారండీ” అంటూ ఆమే నవ్వింది. అది కూడా మిగతావాటితోపాటు ఎక్కిపోయింది.

పెట్టెకు ఒక పద్ధతి ఉంది. ఎవరు ఏమని పిలిచారో ఆ పిలుపు కిందే సర్దుతుంది. కొడుకువి ‘అమ్మ’లోకి, కోడలివి ‘అత్తయ్యగారు’లోకి ముచ్చటగా చేరాయి. భీమేశ్వరరావు మాత్రం కాపురమంతా ఆమెను “ఇదిగో”, “ఎక్కడున్నావ్”, “నిన్నే” అంటూనే గడిపాడు. పెళ్లాన్ని పేరుపెట్టి పిలవడం ఆయన రోజుల్లో సిగ్గు. చాటుగానైనా పిలిచి ఉండవలసింది పాపం, నోరు రాలేదు. ఎవరి గురించో తేలని ఆయన జ్ఞాపకాలను పెట్టె చెత్త కింద కట్టి, ఆదివారంనాడు నిబంధన ప్రకారం ఊడ్చేసింది.

సూరిబాబు మళ్లీ వచ్చి చూశాడు. “ఇదిగో అంటే మడిసని దానికెలా తెలుద్దండి? పేరెట్టి ఒక్కసారన్నా పిలిచారేంటండి?”

వెతికితే ఒకటి దొరికింది. పెళ్లయి వచ్చిన రోజు ఆయన అక్కచెల్లెళ్లు గుమ్మానికి అడ్డం నిలబడి, పేర్లు చెబితేగానీ లోపలికి రానివ్వమన్నారు. “నేనూ, మాణిక్యాంబా వచ్చాం” అన్నాడాయన, చెవులు ఎర్రబడిపోతుంటే. ఆమె కుడికాలు ఎత్తింది. అక్కడితో అయిపోయింది. గడప దాటాక ఏమైందో పెట్టెలో లేదు.

“పోనీ నాన్నగారూ, మా ‘అమ్మ’లో చూసుకోండి. మీకూ పర్మిషనిచ్చాను” అన్నాడు చంద్రమౌళి.

చూశాడు. ఎవరో తల్లి పెరుగన్నం కలుపుతోంది, జ్వరానికి తడిగుడ్డ వేస్తోంది. మంచావిడే అనిపించింది. పరాయి ఇంట్లోకి తొంగిచూసినట్టయి, మర్యాదగా మూసేశాడు.

ఒకరోజు హైమ అటక సర్దుతూ, కుట్టు వేయించిన పాత చెప్పుల జత పట్టుకొచ్చింది. “మావయ్యగారూ, ఇవి పారేయమంటారా?”

“ఎవరివమ్మా అవి?”

“అత్తయ్యగారివండీ.”

ఆయన రెండు చెప్పులూ చేత్తో పట్టుకుని నాలుగడుగులు నడిచాడు. ఎందుకో తెలియలేదు. “పారేయమ్మా” అన్నాడు.

ఆ మర్నాటి నుంచి ఆయన ఆమె ఫొటో ముందు నిలబడి “మాణిక్యాంబా” అని పిలవడం మొదలుపెట్టాడు. ప్రతి పిలుపునూ పెట్టె ఆమె పేరు కిందే తప్పు లేకుండా సర్దుతోంది. తెరిచి చూస్తే ఓ ముసలాయన పిలుస్తూ ఉంటాడు, పలికేవాళ్లు ఉండరు.

చంద్రమౌళి కంగారుపడి సూరిబాబును పిలిపించాడు. సూరిబాబు అన్నీ పరీక్షగా చూసి, సామాను సంచిలో వేసుకున్నాడు.

“ఏం పాడవలేదండి, బాగానే పనిచేత్తంది. ఊళ్లో పెద్దాళ్లందరిదీ ఇంతేనండి. ఆవిడ పోయాకే నోటికి పేరొచ్చుద్ది.”