చిన్న మార్పులూ అరవైమూడు పిఠాలూ

మనిషికి నలుగురి ఆదరణ కావాలంటే ముందు ఒంట్లో ఏదో ఒక రోగం ఉండాలి. నన్ను నమ్మండి! ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి ఎవరు పట్టించుకుంటారు? నాకు సుగరు, థైరాయిడు, మోకాళ్ల నొప్పులు, వీటన్నిటినీ మోయడానికి ఎనభై నాలుగు కిలోల బరువు ఉన్నాయి. అందుకే ఈ కటక్ నగరంలో నాకున్నంతమంది శ్రేయోభిలాషులు మరొకరికి లేరని గర్వంగా చెప్పుకుంటున్నాను.

వాళ్లంతా నాకు చెప్పేది ఒక్కటే. "చిన్న చిన్న మార్పులు చేసుకో, చాలు!"

ఎంత చల్లని మాట! పెద్ద మార్పు చేసుకోమంటే ఎవరైనా ఎదురు తిరుగుతారు. చిన్న మార్పంటే కాదనడానికి నోరెలా వస్తుంది? అందుచేత ఈ చిన్న మార్పులు మానవజాతికి దొరికిన మహా వరమని ఇక్కడ నిరూపించబోతున్నాను. నేను ఇరవయ్యారేళ్లుగా ఒక బాలికల హైస్కూల్లో లెక్కలు చెబుతున్నదాన్ని. నిరూపించకుండా దేన్నీ వదలను.

మొదటి విడత మార్పులు డాక్టర్ షడంగి గారివి. కార్తిక పున్నమి వెళ్లిన మర్నాడు ఆయన నా రిపోర్టు చూసి, కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ చూశారు.

"మేడం, వచ్చే నెలాఖరుకి మీ పరగడుపు సుగర్ నూట యాభై లోపుకి రావాలి. రాకపోతే ఇన్సులిన్ మొదలుపెట్టాల్సిందే. రోజూ, పొట్టకి."

"ఇంకో దారేమీ లేదా డాక్టరుగారూ?"

"ఎందుకు లేదమ్మా! మందులు ఎలాగూ వేసుకుంటున్నారు. చిన్న చిన్న మార్పులు చేసుకోండి. సాయంత్రం అరగంట నడక, చిన్న కంచంలో భోజనం, పదింటికల్లా నిద్ర. తీపి ముట్టుకోవద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఒత్తిడి పెట్టుకోకూడదు."

నాకు ఇంజెక్షనంటే భయం. దాచుకోవడమెందుకు? మా అమ్మ పద్నాలుగేళ్లు పొట్టకి సూది గుచ్చుకుంది. మేం చూస్తే బెదురుతామని బీరువా తలుపు చాటున నిలబడి, పళ్లు బిగబట్టి గుచ్చుకునేది. ఆ తలుపు కిర్రుమనడం నాకిప్పటికీ వినిపిస్తుంది. అందుకని డాక్టరుగారి చిన్న మార్పుల్ని కళ్లకద్దుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా? తలా ఒకటి చదివించారు.

మా అత్తగారు డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. "ఏమే కుంతలా, పొద్దున్నే ఇంత నేలవేము కషాయం. చిన్న గిన్నెడు, అంతే! గుటుక్కున మింగెయ్" అన్నారు. ఆ చిన్న గిన్నెడుకి ఆకు నేనే తుంచాలి, నేనే నూరాలి, నేనే కాచి వడగట్టాలి, చేదు అంటిన గిన్నెలన్నీ నేనే తోమాలి. మింగడం మాత్రం ఆవిడ చెప్పినట్టే గుటుక్కున అయిపోతుంది.

మా మరిది టుకునాకి నలభై ఒకటి. పెళ్లి మాటెత్తితే కండలు చూపిస్తాడు. అతను నా చేతికి అడుగులు లెక్కపెట్టే పట్టీ ఒకటి కట్టాడు. "వదినా, నువ్వేం చెయ్యక్కర్లేదు. అన్నీ అదే చూసుకుంటుంది" అన్నాడు. అది ఏం చూసుకుంటుందో గానీ, నేను పొయ్యి ముందు రెండు గంటల నుంచి నిలబడి ఉన్నప్పుడు గుర్రుమని వణికి, "ఇక లేచి నిలబడండి" అని హెచ్చరిస్తుంది.

మా ఆయన గౌరహరి గారు నాకోసం చౌదరీబజారంతా గాలించి బుల్లి స్టీలు కంచం తెచ్చారు. నా కంచం చిన్నదైనప్పటి నుంచి ఆయన కంచం పెద్దదైంది. "నువ్వు తినలేనిది నేనైనా తినాలి కదా!" అని ఎంతో బాధపడుతూ రెండోసారి వడ్డించుకుంటారు.

స్కూల్లో ఒడియా చెప్పే టీచరమ్మ ముద్దకి ముప్పై రెండుసార్లు నమలమంది. మధ్యాహ్నం పిల్లల భోజనాల వరస సరిచేసి వచ్చేసరికి నాకు మిగిలేది అయిదు నిమిషాలు. లెక్క కట్టి చూశాను. తొమ్మిదో ముద్ద నోట్లో ఉండగా గంట కొడతారు! మరి బరువు తగ్గకేం చేస్తుంది? హెడ్‌మిస్ట్రెస్ గారు ఇంకా ముందుచూపు గలవారు. మా ఒత్తిడి పోగొట్టడానికి బడి వదిలాక ముప్పావుగంట శ్వాస క్లాసు పెట్టించారు. హాజరు తప్పనిసరి. క్లాసయ్యాక మనసు ప్రశాంతంగా ఉందని రెండు ప్రతుల్లో రాసి సంతకం పెట్టాలి.

అలా అయిదారు రోజుల్లో నా చిన్న మార్పుల సంఖ్య ఇరవై మూడుకి చేరింది. అన్నీ చిన్నవే సుమండీ! ఒక్కటి కూడా పెద్దది లేదు. ఒత్తిడి తగ్గించుకోవడానికి వీలుగా పొద్దున్న నాలుగున్నరకే లేవడం మొదలుపెట్టాను. డాక్టరుగారు చెప్పిన అరగంట నడకకి మాత్రం ఎక్కడా చోటు దొరకలేదు. ఆరోగ్యం కోసం ఇన్ని చేస్తున్న మనిషికి నడవడానికి తీరికెక్కడిది?

ఇంతలో మార్గశిరంలో తొలి గురువారం వచ్చింది.

మా ఇళ్లల్లో మార్గశిర గురువారాలంటే ఇక చెప్పేదేముంది? లక్ష్మీదేవి స్వయంగా ఇంటికి వస్తుంది. బుధవారమే ఇల్లంతా కడిగి, బియ్యప్పిండి జారుగా కలిపి వాకిలి నుంచి పూజగది దాకా అమ్మవారి పాదాలు ముగ్గు వేయాలి. తెల్లవారకముందే తలస్నానం చేసి, కొత్త ధాన్యం కుంచంలో పోసి నిలిపి, నైవేద్యానికి పిఠాలు వండాలి. బెల్లం కొబ్బరి కూరి ఆవిరి మీద ఉడికించే మండ పిఠాలు, రవ్వముద్దలో కొబ్బరి పెట్టి నేతిలో వేయించే కాకరా పిఠాలు, అరిసెలు. ఒక్కో రకం ఇరవై ఒకటి. మా అత్తగారి అత్తగారి కాలం నుంచీ అదే లెక్క.

ఆ తెల్లవారుజామున నేను ఆరు కొబ్బరికాయలు కోరి పైకి లేచేసరికి టుకునా గంతులేస్తూ వచ్చాడు.

"వదినా, అదరగొట్టేశావు! సూర్యుడు రాకముందే నాలుగువేల అడుగులు!"

"నేను ఈ పీట మీంచి కదల్లేదయ్యా. కొబ్బరి కోరాను."

"అయితేనేం? పట్టీ అబద్ధం చెబుతుందా? ఇలాగే కానివ్వు!"

వంట దగ్గర పేచీ లేదు. అసలు పేచీ తినే దగ్గర వచ్చింది. ఈ ప్రసాదం గడప దాటకూడదు. పక్కింటివాళ్లకి పెట్టకూడదు, పనిమనిషికి ఇవ్వకూడదు. పెళ్లయి ఇదే ఊళ్లో కాపురమున్న మా అమ్మాయికి కూడా పంపకూడదు. ఇస్తే దాంతోపాటు లక్ష్మి కూడా వెళ్లిపోతుందట. పారేయడం మహాపాపం. మా ఇంటి ఆచారం ప్రకారం మర్నాటికి మిగల్చకూడదు కూడా. ఇంట్లో ఉన్నది నలుగురం. సాయంత్రం మా ఆయన అయిదు తిని, గ్యాసని పొట్ట నిమురుకుంటూ లేచారు. అత్తగారికి పళ్లు లేవు. ఒక మండ పిఠా పాలల్లో నానబెట్టుకున్నారు. టుకునా తీపి మానేసి మూడు నెలలైంది. అరిసె ఒకటి కళ్లకద్దుకుని, గోరంత తుంచుకుని, మిగతాది భక్తితో వెనక్కి పెట్టేశాడు.

మరి మిగిలినవి? ఆఖర్న గిన్నెలు కడిగేవాళ్ల మీద అమ్మవారికి ప్రత్యేకమైన దయ ఉంటుంది.

"నాకు తీపి వద్దన్నారు కదండీ" అని నసిగాను.

"అమ్మవారి ప్రసాదం! కాదంటావా?" అన్నారు మా ఆయన, లెంపలేసుకుంటూ.

శుక్రవారం పొద్దున్న వేలు గుచ్చి చూసుకుంటే రెండువందల పద్నాలుగు. ఇంటిల్లిపాదీ సమావేశమయ్యారు. కషాయం గిన్నె కాస్త పెద్దది చేద్దామన్నారు అత్తగారు. పట్టీలో లక్ష్యం పెంచుదామన్నాడు టుకునా. మా ఆయన మాత్రం గొంతు తగ్గించి, జాలిగా చెప్పారు.

"నీకు నోటి మీద అదుపు లేదు కుంతలా. అసలు జబ్బు అదీ."

ఆ మాట నాకు తగిలింది. బాత్రూములో కొళాయి తిప్పి కాసేపు ఏడ్చాను. అది ఇరవై మూడింట్లో లేని మార్పు. ఎవరూ చెప్పకుండా నా అంతట నేనే చేసుకున్నాను.

రెండో గురువారం కూడా అదే జరిగింది. ఈసారి సుగరు రెండువందల ఇరవై ఒకటి. ఆ శుక్రవారం ఏడో తరగతిలో భాగహారాలు చెబుతూ, పుస్తకంలో లేని లెక్కొకటి బోర్డు మీద వేశాను. అరవై మూడుని నాలుగుతో భాగించండి. వెనక బెంచీలోంచి ఒక పిల్ల చటుక్కున లేచి, "పదిహేను టీచర్! శేషం మూడు!" అంది. ఆ పిల్లని దీవించాను. ఇంతకాలం నేను తప్పుగా భాగిస్తున్నానని అప్పుడు తెలిసింది!

మూడో గురువారం ఆచారానికి ఏ లోటూ రానివ్వలేదు. ఇరవై ఒకటి, ఇరవై ఒకటి, ఇరవై ఒకటి. సాయంత్రం పూజ అవగానే ముగ్గురికీ పీటలు వేసి, పెద్ద కంచాలు పెట్టి, తలా పదిహేను వడ్డించాను. శేషంతో కలిపి నా వాటా పద్దెనిమిది.

మా ఆయన నవ్వారు. "ఇదేమిటే, తమాషా?"

"మీ వాటా అండీ."

"ఇన్నా?"

"అమ్మవారి ప్రసాదం! కాదంటారా?" అన్నాను, నేనూ లెంపలేసుకుంటూ.

"వదినా, నేను తీపి మానేశాను కదా!" అని టుకునా గిలగిలలాడాడు.

"నేనూ మానేశానయ్యా. ఇద్దరం కలిసి పాపం చేద్దాం. నెమ్మదిగా తిను. ముద్దకి ముప్పై రెండుసార్లు నములు."

మా ఆయనకి తొమ్మిదో పిఠా దగ్గర చెమట పట్టింది. పదకొండో దానికి లుంగీ ముడి వదులు చేసుకున్నారు. టుకునా ఆరో పిఠాకే గోడకి చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. అత్తగారు తన పదిహేనింటి వంక అలా చూస్తూ కూర్చున్నారు. ఆవిడ కంచంలోంచి పది తీసి కొడుకులిద్దరికీ సమంగా పంచాను. లెక్కల టీచర్నైనా నాకూ దయ ఉంది. నా వాటాలో సగం కూడా నేను ముట్టుకోలేదు. అవి ఎవరి కంచాల్లోకి వెళ్లాయో నేను చెప్పను. మర్నాడు పొద్దున్న ఇద్దరికీ నేలవేము కషాయం పెద్ద గిన్నెతో ఇచ్చి, "చిన్న మార్పు, అంతే! గుటుక్కున మింగెయ్యండి" అన్నాను.

తర్వాత బుధవారం ముగ్గు పిండి కలుపుతూ ప్రకటించాను. "రేపు అయిదు మండ పిఠాలే చేస్తున్నాను. అమ్మవారికొకటి, మనకి తలా ఒకటి."

ఇల్లు దద్దరిల్లిపోయింది!

"ఒక్కసారే అంత పెద్ద మార్పా?" అన్నారు మా ఆయన.

"ఏదైనా నెమ్మదిగా తగ్గించాలి వదినా. ఉన్నట్టుండి మార్చేస్తే ఒంటికి మంచిది కాదు" అన్నాడు టుకునా.

చూశారా! ఇరవై మూడు మార్పులు నా నెత్తిన పడినప్పుడు అన్నీ చిన్నవే. ఒక్కటి వాళ్ల కంచం దాకా వచ్చేసరికి ఎంత పెద్దదైపోయిందో!

"సరే అయితే, అరవై మూడే చేస్తాను. పీటలు మళ్లీ మూడు వేస్తాను" అన్నాను.

అయిదు చాలన్నారు ఇద్దరూ. ఇక మిగిలింది అత్తగారు.

"అయిదేమిటే కుంతలా? అమ్మవారు ఏమనుకుంటుందే?"

"చేతులు నాలుగైనా ఆవిడకీ నోరు ఒక్కటే కదా అత్తయ్యా."

తిడతారనుకున్నాను. ఆవిడ ఒక్క క్షణం నా వంక చూసి, బోసినోటితో భుజాలు ఊగేలా నవ్వారు. నవ్వు ఆగాక కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

"నలభై ఏళ్లు మిగిలినవన్నీ నేనే తిన్నానే. ఈ పళ్లు ఊరికే పోయాయనుకున్నావా? అయిదే చెయ్యి. నేను పక్కన కూర్చుని కొబ్బరి కోరతాను."

ఆ గురువారం వంట అరగంటలో అయిపోయింది. సాయంత్రం ఏం చెయ్యాలో నాకు కాసేపు తోచలేదు. చెప్పులేసుకుని కాఠజోడి గట్టు మీదికి వెళ్లాను. నది మీంచి చల్లటి గాలి వస్తోంది. మోకాళ్లు నొప్పెట్టాయి, అయినా నడిచాను. పదో నిమిషంలో మా ఆయన ఫోను. పదమూడో నిమిషంలో మళ్లీ ఆయనే. మరమరాల డబ్బా కోసం వెతుకుతూ ఉంటారని తెలుసు. అందుకే ఎత్తలేదు. అరగంటా పూర్తిచేసి ఇంటికెళ్లేసరికి డబ్బా దొరికింది, ముగ్గురూ తినడం కూడా అయిపోయింది. అప్పట్నుంచీ రోజూ నడుస్తున్నాను.

నెలాఖరున డాక్టరుగారి దగ్గరికి ఇంటిల్లిపాదీ వచ్చారు. నా రిపోర్టు చూసి ఆయన కళ్లద్దాలు తుడవలేదు.

"నూట నలభై రెండు! బాగా తగ్గింది మేడం. ఇంజెక్షన్ మాట ఇప్పుడొద్దు. మూడు నెలలు ఇలాగే కానివ్వండి. ఇంతకీ ఏ మార్పు పనిచేసిందంటారు?"

నేను నోరు తెరిచేలోపే మూడు గొంతులు లేచాయి.

"నేలవేము కషాయం!" అన్నారు అత్తగారు, నాకు మాత్రమే కనబడేలా కన్నుగీటి.

"పట్టీ సార్, రోజుకి పదివేల అడుగులు!" అన్నాడు టుకునా.

"నేను తెచ్చిన చిన్న కంచం. బజారంతా తిరిగాను డాక్టరుగారూ!" అన్నారు మా ఆయన.

డాక్టరుగారు నా వంక చూశారు. వీళ్లు చెప్పినవన్నీ పనిచేశాయండీ అని వినయంగా ఒప్పుకున్నాను. మారింది నేను కాదు, తామేనని తెలిస్తే మానేయరూ?