ఎవుడ్రా నీకు బావ

ఏమయ్యా, ఏమమ్మా, అలా పెద్దమనుషుల్లా సర్దుకుని కూర్చోకండి. మీ సంగతి ఊరందరికీ తెలుసు. మొన్న రోడ్డు మీద ఎవడో అడ్డం వచ్చినప్పుడు, వాడు కనుచూపు దాటేదాకా ఆగి, అప్పుడు కారు అద్దాలు పైకెత్తుకుని, వాడి ఏడు తరాలనూ కడిగి ఆరేసింది మీరు కాదూ? గిరిబాబు అలాంటివాడు కాదు. అతను ఎదురుగా నిలబడి తిడతాడు. కొంప మునిగింది అందుకే.

గిరిబాబుకి రాజాంలో విత్తనాల కొట్టు ఉంది. వయసు నలభై ఎనిమిది, ఒంట్లో చక్కెర రెండు వందల ఎనభై, నోట్లో వేళాకోళం అంతకు రెట్టింపు. డాక్టరు భయపెడితే గేర్ల సైకిలు కొన్నాడు. దానికి తగ్గట్టు చిలకపచ్చ బనీను, మోకాళ్ళదాకా బిగుతు నిక్కరు, తలకి హెల్మెట్టు, కళ్ళకి నల్లద్దాలు, లారీల దుమ్ము లోపలికి పోకుండా ముక్కూ మూతీ కప్పే గుడ్డ. ఈ వేషంలో మొదటిరోజు ఇంటికి తిరిగొస్తే సొంత కుక్కే గుమ్మం ఎక్కనివ్వలేదు.

ఆ బుధవారం పొద్దున్న అతను సైకిలెక్కింది చక్కెర కోసం కాదు, పెళ్ళాం జగ్గమ్మ కోసం. ఆవిడ అన్న లక్ష్మణరావుది చీపురుపల్లి వైపు ఊరు. బావలిద్దరిదీ ఒకే ఈడు, ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు. పది నెలల కిందట లక్ష్మణరావు కొత్త కారు కొని, చుట్టాలందరి ముందూ దండలు వేసి కొబ్బరికాయ కొట్టించాడు. అంతలో ఫోనొచ్చింది. "సార్, షోరూం నుంచి మాట్లాడుతున్నాం. పొరపాటున వేరేవాళ్ళ బండి మీకిచ్చేశాం. ఆ దండలు తీయకుండా వెనక్కి తెచ్చేయండి." పాపం, లక్ష్మణరావు దండల కారుని విజయనగరం దాకా తోలుకెళ్ళాడు. షోరూంవాళ్ళు మంచినీళ్ళిచ్చి మరీ నవ్వారు. ఆ గొంతు ఎవరిదో తెలియగానే ఇంటికొచ్చి ఒకే మాటన్నాడు. "గిరిబాబూ, ఇంక నా గుమ్మం తొక్కకు."

వచ్చే వారం లక్ష్మణరావు ఇంటి గృహప్రవేశం. కార్డు మీద జగ్గమ్మ పేరొక్కటే ఉంది. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. కార్డుని పప్పుల డబ్బా మీద నిలబెట్టి, "నువ్వు రాని గుమ్మం నాకెందుకు? అలాగని పుట్టిల్లు ఒగ్గీసుకోనా? ఏటి సెయ్యాలో నువ్వే సెప్పు," అంది. జగ్గమ్మ తిట్టకపోతే గిరిబాబుకి అన్నం దిగదు. అందుకని బావ ఇంటికి వెళ్ళి తప్పయిందని చెప్పేద్దామని బయల్దేరాడు.

చిక్కేమిటంటే, పుట్టిన తర్వాత అతను ఎవరికీ తప్పయిందని చెప్పి ఎరగడు. తొక్కుతూనే మాటలు కూర్చుకుంటున్నాడు. ఒకటి మరీ వంగినట్టుంది, ఇంకొకటి వెటకారంలా ఉంది. ఆ ధ్యాసలో రోడ్డు సగానికి సగమైపోయిన సంగతి గమనించలేదు. తాయారు అనే రైతమ్మ తన మొక్కజొన్న గింజలని తారురోడ్డు మీద ఒక పక్కంతా ఎండబోసి, అంచున రాళ్ళు పేర్చుకుంది. మిగిలిన సగంలో ఎదురుగా ఒక తెల్లకారు వస్తోంది. కారు అద్దం సైకిలు హ్యాండిల్‌కి తగిలింది. గిరిబాబు రాళ్ళ మీదుగా ఎగిరి మొక్కజొన్నలో పడ్డాడు. పరుపు మీద పడ్డట్టే పడ్డాడు కాబట్టి ఒంటికి దెబ్బ తగల్లేదు. తగిలింది పౌరుషానికే.

లేచాడు. గింజలు దులుపుకోలేదు. నేరుగా వెళ్ళి కారు ముందు మూత మీద అరచేత్తో రెండు బాదాడు.

"కారు కొన్నావా, రోడ్డు కొన్నావా? దిగు. దిగి మాటాడు."

అద్దం కిందికి దిగింది. లోపల లక్ష్మణరావు.

కోపం గొంతులోనే ఆగిపోయింది. పాతికేళ్ళ అలవాటు మాత్రం ఆగలేదు. "ఓలమ్మ, బావా," అనేశాడు.

"ఎవుడ్రా నీకు బావ?" అంటూ లక్ష్మణరావు తలుపు తోసుకుని దిగాడు.

గిరిబాబు చెయ్యి హెల్మెట్టు దాకా వెళ్ళి ఆగింది. ఇప్పుడు ముఖం చూపిస్తే బావ ఏమనుకుంటాడు? మళ్ళీ వేషం కట్టి, కావాలని కారు కింద పడి ఆటపట్టించాడనుకుంటాడు. పది నెలల అలక పదేళ్ళవుతుంది. జగ్గమ్మ పుట్టింటి తలుపుకి మేకులు కొట్టినట్టే. పుట్టాక మొదటిసారి ఏ వేళాకోళమూ లేకుండా బయల్దేరిన రోజునే ఇలా జరగాలా? చెయ్యి దించేసి, గొంతు బొంగురు చేసి, "ఏదో పొరపాటున వచ్చీసినాది. నీ దారి నీది, నా దారి నాది," అని సైకిలు ఎత్తబోయాడు.

అప్పటికే తాయారు వచ్చి సైకిలు సీటు పట్టుకుంది. "ఎవులి దారి? ఇద్దరూ కలిసి నా జొన్నలన్నీ సిమ్మీసినారు. ఏరి ఎల్లండి."

"రోడ్డు మీద ఆరబొయ్యడం నీదే తప్పు," అన్నారు బావలిద్దరూ ఒకేసారి. వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

ఇంతలో బళ్ళు ఆగాయి. పాల క్యానులవాళ్ళు, పొలం వెళ్ళేవాళ్ళు, పనేమీ లేనివాళ్ళు గుండ్రంగా చేరారు. "ఏటయినాది?" అని వెనకవాళ్ళు ముందువాళ్ళని అడిగారు. "గుద్దీసినాడంట" అంటే ఎవరూ పట్టించుకోలేదు. రోజూ గుద్దుకునేదే. "బావ అన్నాడంట" అనగానే అందరూ ఒకడుగు ముందుకొచ్చారు.

ఆ గుంపులో అప్పలసూరి అనే ముసలాయన ఉన్నాడు. ఎక్కడ తగువైనా అడక్కుండా తీర్పు చెప్పడం ఆయనకి అలవాటు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని విచారణ మొదలుపెట్టాడు.

"బండికి బండి తగిలితే అది ఇనుము గొడవ. దానికి పంచాయితీ అక్కర్లేదు. కాని ముక్కూ మొహం తెలీనోడ్ని తగువులో బావా అంటే ఏటన్నట్టు? ఆడి సెల్లిని నోట్లోకి లాగినట్టు. ఏం బాబూ, నీకు సెల్లి ఉన్నాదా?"

"ఉన్నాది. ఒక్కగానొక్క సెల్లి," అన్నాడు లక్ష్మణరావు.

"అయితే తప్పే. నేకపోతే ఒగ్గీవచ్చును. పెళ్ళయినాదా?"

"అయిపోనాది."

"మరి ఆ మొగుడెలాటోడు?"

గిరిబాబు మెల్లగా సైకిలు లాక్కుని జారుకోడానికి అదే మంచి సమయం. తాయారు కూడా సీటు వదిలేసి వినడానికి వచ్చింది. కానీ బావ తన గురించి పదిమందిలో ఏమంటాడో వినకుండా ఎలా వెళ్ళడం? పరాయివాడి ముఖం పెట్టుకుని తన గురించి తాను వినే యోగం ఎంతమందికి పడుతుంది? చెవులు హెల్మెట్టులో ఇరుక్కున్నా, మెడ సాచాడు.

లక్ష్మణరావు కాసేపు కారు అద్దాన్ని తుడిచాడు. "ఎదవ. అలాటి ఎదవ జిల్లాలో ఇంకోడు ఉండడు. నన్ను ఊరందరికీ నవ్వులాట సేసినాడు. పది నెల్లయినాది, మాటల్లేవు. కాని మా సెల్లిని ఒక్కనాడు ఏడిపించలేదు. అది కూడా సెప్పాల కదా."

నల్లద్దాల వెనక గిరిబాబు కళ్ళు చెమర్చాయి. ముక్కు కూడా కారింది గానీ, గుడ్డ ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

"అయితే ఈ మాట ఆడే అడగాల," అని తేల్చాడు అప్పలసూరి. "పెళ్ళయిన ఆడపిల్ల మర్యాద మొగుడిది. మాటల్లేకపోతే ఇప్పుడు మాటాడు. ఫోను కొట్టు. అంతవరకూ ఈ పచ్చ బనీనోడు కదలకూడదు."

లక్ష్మణరావు ఫోను చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నొక్కాడు.

గిరిబాబు నడుం సంచీలో ఫోను మోగింది. జనమంతా అతని నడుం వైపు చూశారు.

"మా ఆఫీసరు," అన్నాడు గిరిబాబు. అని, రోడ్డు పక్కన తాయారు ఇంకా ఎండబోయకుండా ఉంచిన మొక్కజొన్న పొత్తుల కుప్ప వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. గుడ్డ కిందికి లాగి, ఎంత చిన్న గొంతుతో వీలైతే అంత చిన్నగా, "అలో," అన్నాడు.

"బావా, నాను," అంది ఫోను. పది నెలల తర్వాత ఆ మాట.

"సెప్పు బావా."

"ఎక్కడున్నావు?"

"కొట్లో ఉన్నాను. ఇత్తనాలు తూస్తన్నాను."

అవతల ఒక దగ్గు వినిపించింది. తర్వాత లక్ష్మణరావు, "ఇక్కడొకడు మన జగ్గమ్మని అన్నాడు బావా. నువ్వు రావాల. తాయారమ్మ జొన్నల దగ్గర ఉన్నాం," అన్నాడు.

"వచ్చీస్తన్నాను. ఆడ్ని కదలనీకు," అన్నాడు గిరిబాబు. అనేశాక, కదలనివ్వకూడనిది తననేనని గుర్తొచ్చింది.

పచ్చ బనీనువాడు ఇక్కడే ఉండాలి. గిరిబాబు రాజాం నుంచి రావాలి. ఇద్దరికీ ఉన్నది ఒకటే ఒళ్ళు. ఇలాంటి లెక్కలు మీకూ నాకూ తేలవు గానీ, గిరిబాబు బుర్ర పుట్టిందే వీటి కోసం. కుప్ప మీదుగా తల ఎత్తి, చిటికెన వేలు చూపించి, "ఒంటికి ఎల్లొస్తాను," అని అరిచి, పక్కనున్న వంగతోటలో దూరాడు.

తోట మధ్య దిష్టిబొమ్మ నిలబడి ఉంది. కర్రకి కుండ తల, ఒంటికి గళ్ళచొక్కా, నడుముకి లుంగీ. గిరిబాబు దాని చొక్కా లుంగీ విప్పి తాను కట్టుకున్నాడు. తన బనీను దానికి తొడిగాడు, కుండకి హెల్మెట్టూ నల్లద్దాలూ పెట్టాడు, గుడ్డ కట్టాడు. దూరం నుంచి చూస్తే మొక్కల మధ్య నిలబడి తాపీగా పని చూసుకుంటున్న మనిషిలాగే ఉంది. నక్కలా వంగి, గట్టు వెంబడి తిరిగి, రాజాం వైపు నుంచి రొప్పుతూ రోడ్డెక్కాడు. కాళ్ళకి సైకిలు బూట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

"బావా, ఏటయినాది?"

లక్ష్మణరావు ముఖంలో ఏ మార్పూ లేదు. "బేగినే వచ్చీసినావే."

"బస్సు దొరికినాది."

"ఈ రోడ్డు మీద బస్సు ఎనిమిదిన్నరకి గాని రాదు," అన్నాడు అప్పలసూరి.

"ఏదో ఒకటి దొరికుంటాది లెండి. పెళ్ళాన్ని అన్నారంటే కాళ్ళు నిలుస్తాయేటి?" అంది తాయారు, ఆ గళ్ళచొక్కాని పైనుంచి కిందికి చూస్తూ.

"ఎక్కడ ఆడు? ఎక్కడున్నాడు?" అని గిరిబాబు లుంగీ పైకి మడిచి కట్టాడు.

నలుగురైదుగురు ఒకేసారి తోట వైపు చెయ్యి చూపించారు. "అడుగో. పావుగంట అయినాది, ఇంకా పోస్తానే ఉన్నాడు."

"నువ్వే ఎల్లి అడుగు," అన్నాడు అప్పలసూరి. "మేం ఇక్కడే ఉంటాం. నీ తగువు, నువ్వే తేల్చుకో."

ఏం చేస్తాడు? వెళ్ళాడు. దిష్టిబొమ్మ ఎదురుగా నిలబడి వేలు చూపించి, రోడ్డు దాకా వినిపించేలా తిట్టాడు. "నా బావని బావంటావా? ఆడ్ని బావనే హక్కు ఈ బూమ్మీద నాకొక్కడికే ఉన్నాది. ఇంకెవుడన్నా పళ్ళు రాలగొడతాను." దిష్టిబొమ్మ మర్యాదగా విన్నది.

"మాటలు సాలవు బావా," అని రోడ్డు మీంచి లక్ష్మణరావు కేకేశాడు. "ఒకటి పీకు."

గిరిబాబు హెల్మెట్టు మీద ఒకటి వేశాడు.

"ఇంకోటి. జగ్గమ్మ పేరు సెప్పి."

రెండోది వేసేసరికి లోపలి కుండ పగిలింది. పచ్చ బనీనువాడి తల భుజాల్లోకి దిగిపోయింది. గిరిబాబు దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబెట్టబోతుండగా రోడ్డు మీద పెద్ద నవ్వు లేచింది. వెనక్కి తిరిగి చూశాడు. పాల క్యానులవాళ్ళు క్యానుల మీద పడి నవ్వుతున్నారు. తాయారు కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పలసూరి తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. లక్ష్మణరావు ఒక చేత్తో ఫోను ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో కారుని పట్టుకుని ఊగిపోతున్నాడు.

గిరిబాబు లుంగీ జారిపోకుండా పట్టుకుని రోడ్డెక్కాడు. "ఎప్పుడు తెలిసినాది బావా?"

"ఫోన్లో. నీ గొంతు కుప్ప ఎనకాల నుంచి ముందొచ్చినాది, ఫోన్లోంచి తరవాతొచ్చినాది. నువ్వు తోటలో బట్టలు మార్సుకుంటంటే ఈలందరికీ నానే సెప్పినాను."

అంటే, ఎదవ అన్నదీ, ఏడిపించలేదన్నదీ తనెవరో బావకి తెలియక ముందు అన్న మాటలే. గిరిబాబుకి అది లెక్కకొచ్చేసరికి దారంతా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు. పగిలిన కుండ పెంకు చేత్తో పట్టుకుని, "బావా, నిజంగానే మీ ఇంటికే వస్తన్నాను. తప్పు సెప్పుకుందామని," అన్నాడు.

లక్ష్మణరావు నవ్వు ఆపి, "ఈ లుంగీతో మాత్రం గృహప్రవేశానికి రాకు," అని కారు తలుపు తీశాడు.

తాయారుకి కొత్త కుండ కొనిస్తానని మాటిచ్చి, ఇద్దరూ వంగి మొక్కజొన్న అంతా రాళ్ళ లోపలికి తోశాకే ఆవిడ సైకిలు వదిలింది. సైకిలు కారు వెనక ఎక్కించారు. గిరిబాబు ముందు సీట్లో కూర్చుని, "ఉండు బావా, మీ సెల్లికి సెప్తాను. పది నెల్లనుంచి ఈ కబురు కోసమే సూస్తన్నాది," అని సంచీలో చెయ్యి పెట్టాడు.

"అక్కర్లేదు," అని లక్ష్మణరావు తన ఫోను అతని ఒళ్ళో పెట్టాడు. తెర మీద జగ్గమ్మ ఉంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళో, వేరే నీళ్ళో చెప్పడం కష్టం.

"ఎప్పట్నుంచి సూస్తన్నావే?" అన్నాడు గిరిబాబు.

"నువ్వు లుంగీ మడిసి కట్టినకాణ్ణుంచి," అంది జగ్గమ్మ. "మొదటి దెబ్బ బాగానే తగిలినాది. నా పేరు సెప్పి కొట్టినదే, ఇంకొంచెం గట్టిగా పడాల."