మా క్యాంపులో అందాల పోటీ

నవ్వనంటే చెబుతాను. నవ్వినా చెబుతాననుకోండి, ఎలాగూ కబురు పక్కనున్న మస్కి బస్టాండు దాకా పాకిపోయింది. మాది కర్ణాటకలో కాలవ కింద సాగుకొచ్చిన ఆంధ్రా రైతుల ఊరు; ఇలాంటి ఊళ్ళని ఇక్కడ క్యాంపులంటారు.

ఈ ఏడాది జరిగిన అందాల పోటీలన్నీ ఫిక్సింగేనని నా గట్టి అనుమానం. విశ్వసుందరి, ప్రపంచ సుందరి, భూగోళ సుందరి, ఒక్కటీ వదలకుండా సెల్లులో చూశాను. సాయంత్రమైతే టీ హోటలు బెంచీ మీద నా స్నేహితుడు సాయిబాబూ నేనూ కూర్చుని ఒక్కో దేశాన్నీ విచారణకు పిలిచేవాళ్ళం. ఈ పిల్ల ముక్కు సొంతం కాదు, ఆ పిల్ల పళ్ళు సొంతం కావు, ఇంకో పిల్లది బాతు నడక. కాలవకు నీళ్ళెప్పుడు వదులుతారో మా ఇద్దరికీ తెలియదు కానీ, కిరీటం ఎవరికి అమ్ముడుపోయిందో ముందే తెలిసిపోయేది.

"పేరు పిలవకముందే ఏడ్చేసిందంటే ఏంటర్థం? ముందే చెప్పేశారన్నమాట," అన్నాను ఓ రోజు ఇంట్లో.

మా ఆవిడ కుసుమకుమారి వంకాయలు తరుగుతోంది. "ధాన్యం రేటు చెప్పకముందే మీరూ ఏడుస్తారుగా. మీకెవరు చెబుతున్నారంట?"

"అది వేరు. కిరీటం చూడు, తలకి అతికినట్టు సరిపోయింది. కొలత తీసుకోకుండా సరిపోద్దా?"

"అంత కనిపెట్టే మనిషికి పొద్దున్నుంచీ చొక్కా తిరగేసి తొడుక్కున్న సంగతి కనపళ్ళేదా?"

నేను లోపలికెళ్ళి చొక్కా సరిచేసుకున్నాను.

దసరా దగ్గరపడుతుంటే ఇంట్లో వాతావరణం మారింది. మా క్యాంపు మహిళా సంఘం ప్రెసిడెంటు శ్యామలాదేవీ, కుసుమా గోడ దగ్గర గుసగుసలు. నేను వెళ్తే ఇద్దరూ గట్టిగా ఇంగువ గురించి మాట్లాడేవారు. కుట్టు మిషను కింద ఎర్ర శాటిన్ గుడ్డ దొరికింది. ఓ మధ్యాహ్నం ఫోనులో, "ర్యాంపుకి ఆ వెడల్పు చాల్లే వదినా," అంటోంది.

ర్యాంపంటే అందగత్తెలు నడిచేదేగా. మా ఆవిడ అందాల పోటీకి దిగుతోంది!

ఓడిపోతుందని కాదు నా భయం. నా భయమంతా బెంచీ గురించి. మర్నాడు సాయంత్రం అక్కడ కుసుమ ముక్కు మీద విచారణ జరుగుతుంది. ఎలాంటి మాటలు వస్తాయో నాకంటే బాగా ఎవరికీ తెలియదు, అక్కడ ఆ మాటలు మొదలుపెట్టిందే నేను. ఆ ఊహకే ఒళ్ళు మండిపోయింది.

అందుకని పోటీ రోజు, ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు, పట్టుచీరలన్నీ దుప్పట్లో మూటగట్టి ఆటో మహాంతేశ్‌కి అప్పగించాను.

"ఏంది సావుకారు, ఇల్లు గిట్ల ఖాళీ చేస్తున్నరా?"

"మస్కిలో ఇస్త్రీకియ్యి. రేపటిదాకా తేవద్దు."

"అమ్మకు మాలూమా?"

"నువ్వు బయల్దేరు ముందు!"

కుసుమ బీరువా తెరిచింది, చూసింది, మూసింది. గొడవ చెయ్యలేదు. అదే నాకు పెద్ద అనుమానం. నేత చీర కట్టుకుని, "కల్యాణ మండపంలో సంఘం మీటింగండీ. మగాళ్ళకి ప్రవేశం లేదు, మీరు రాకండి," అని వెళ్ళిపోయింది.

రావద్దన్నాక ఆగుతానా? మండపం వెనక తలుపు ఓరగా తీసే ఉంది. దాన్ని కూడా అనుమానించాల్సింది, తొందరలో మర్చిపోయాను.

లోపల కాలు పెట్టానో లేదో మెడలో ఏదో పడింది. వెనక తలుపు మూసుకుంది. "ఏడో నంబరు కూడా వచ్చేశారు!" అని మైకులో శ్యామలాదేవి. తెర పక్కన వరసగా ఆరుగురు మొగుళ్ళు, మెడల్లో ఎర్ర శాటిన్ పట్టీలతో కూర్చున్నారు. మొదటి కుర్చీలో సాయిబాబు.

"నువ్వెందుకొచ్చావురా?" అన్నాను.

"మా ఆవిడ పోటీ చేస్తుందేమోనని, ఆపుదామని... నువ్వో?"

నేను తల దించి మెడలో పట్టీ చూసుకున్నాను. దాని మీద నా పేరు, యలమందయ్య అని, పచ్చదారంతో ముందే కుట్టి ఉంది.

"ఏడాదంతా లోకంలో ఆడపిల్లల్ని నడిపించి మార్కులేశారు. ఇవాళ మీరు నడవండి," అంది శ్యామలాదేవి. ఆమె కూడా జడ్జీయే; పక్క కుర్చీల్లో ఇంకో ఇద్దరు. ఒకరు మా పొలంలో నాట్లేసే మారెవ్వ, రెండోవారు మా ఆవిడ.

నా వంతు వచ్చింది. ముందు సన్నగా, పచ్చగా తివాచీ. చూడగానే అలవాటు కొద్దీ పంచె ఎగ్గట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, గట్టు మీద నడిచినట్టు అడుగులో అడుగేశాను. ఒకచోట ఉబ్బెత్తుగా ఉంటే, ఎండ్రకాయ బొక్క పూడ్చినట్టు మడమతో గట్టిగా తొక్కాను. దాని కింద మైకు వైరుంది. మైకు చచ్చిపోయింది.

మారెవ్వకి మైకు అక్కర్లేదు. "ఓ సావుకారు! మడి గాదిది! పంచె దించు, మొకం ఎత్తు. మేం నాటేటప్పుడు గట్టు మీద నిలబడి సూస్తవు గద, ఇయ్యాల మేం సూస్తం!"

"మీసం నలుపు సొంతమేనంటావా?" అంది వెనక వరసలో ఒకావిడ. "ఆ నవ్వు బట్టీపట్టిందే," అంది ఇంకొకావిడ. అంతమంది చూస్తుంటే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక చెమటలు పట్టాయి. సిగ్గుతో చచ్చాను.

ప్రశ్నల ఘట్టం కుసుమది. "మీ ఇంట్లో పంచదార డబ్బా ఏ అరలో ఉంది?"

"ప్రపంచ శాంతి గురించి అడగరాదా?" అన్నాను.

"పోనీ, ఇక్కడికెందుకొచ్చారు?"

"నీకు ఎవరైనా వంకలు పెడితే నేను భరించలేను," అనేశాను నోరు జారి.

మారెవ్వ మెల్లగా అడిగింది. "గా సెల్లుల పిల్లలకు ఇంట్ల మనుషులు లేరా సావుకారు?"

నేను ఎగ్గట్టిన పంచె దించుకుని, చెప్పులు కింద పెట్టాను.

కిరీటం సాయిబాబుకి వచ్చింది. షుగరు మనిషి, పంచదార డబ్బా ఎక్కడ దాచినా కనిపెడతాడు. నాకు ముగ్గురు జడ్జీలూ కలిపి రెండే మార్కులు.

దారిలో ఉండబట్టలేక అడిగాను. "కట్టుకున్న మొగుణ్ణి. నీ చేతిలో కలం ఉండి కూడా రెండేనా?"

"ఆ రెండూ నేనేసినవే. మిగతా ఇద్దరూ సున్నా వేశారు."

"దేనికేశావు?"

"చీరలు ఇస్త్రీకి పంపమని ఎన్నాళ్ళనుంచో మొత్తుకుంటున్నా, ఇవాళ్టికి పంపారు. దానికొకటి."

"రెండోది?"

కుసుమ నా వైపు చూడకుండా కొంగు సర్దుకుంది. "అది అడక్కండి. అడిగితే ఆ మార్కు కొట్టేస్తాను."

నేను అడగలేదు.