పచ్చ లైటు పీకిన పూట

ఆ ఉదయం ఎడిటరమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. స్నానం చేసి, కాఫీ తాగి, మధ్యాహ్నంలోపు డాక్యుమెంటరీ పంపేయాలి. రిటైరైన రైలు డ్రైవరు ఆఖరి ప్రయాణం అది. పోతే మళ్లీ తీయడానికి లేదు, ఆయన రైలు దిగిపోయాడు. అందుకే నాలుగు కంప్యూటర్ డిస్కులున్న పెట్టెలో దాచింది. వాటిలో ఏ ఒక్కటి చచ్చినా, దాని దగ్గరున్నదంతా మిగతా మూడూ కలిసి లెక్కగట్టి ఇచ్చేస్తాయి. రెండు పోతే మాత్రం అంతే సంగతులు.

తల తుడుచుకుంటూ వచ్చేసరికి పెట్టె ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది.

"ఏమండీ! ఏం చేశారు దీన్ని?"

"నువ్వు స్నానానికెళ్లగానే బీప్ బీప్‌మని చంపుకు తింది. ఒకటి పీకాను," అన్నాడు ఎలక్ట్రీషియన్ మొగుడు. "ఎర్ర లైటున్నదాని జోలికి పోలేదులే. ఎరుపంటే కరెంటున్నట్టేగా. పచ్చ లైటున్నదాన్నే లాగాను."

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"చచ్చినదాన్ని వదిలేసి బతికున్నదాన్ని పీకారా! మిగతావేవీ?"

"దుమ్ము పట్టాయని నేనే తీసి తుడిచానమ్మా," అంది అత్తగారు, గుడ్డ దులుపుతూ. "ఇదిగో, శుభ్రంగా పేర్చిపెట్టా."

"ఏది ఎక్కడిదో గుర్తుందా అత్తయ్యా?"

"అన్నీ ఒకేలా ఉంటే నేనేం చెప్పను?"

ఫోన్ చేసి పిలిచిన డిస్కుల మెకానిక్ వచ్చేదాకా ఎడిటరమ్మ ఇల్లు పీకి పందిరేసింది. మొగుడి చదువు దగ్గర మొదలుపెట్టి, ఆయనకు లైసెన్సు ఇచ్చినవాళ్ల దాకా ఎవర్నీ వదల్లేదు.

"కంగారుపడకండి మేడమ్. దేని చోటు ఏదో దానిలోనే రాసుంటుంది," అంటూ మెకానిక్ మూడు మంచి డిస్కులూ లోపలికి తోసి, చచ్చినదాని చోట కొత్తది పెట్టాడు. కాసేపటికి రైలు డ్రైవరు తెర మీద చెయ్యి ఊపాడు. ఎడిటరమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ వెంటనే కోపం రెట్టింపైంది.

"ఇప్పుడు చెప్పండి, తప్పెవరిదో! ఇద్దరూ వింటారు."

మెకానిక్ పెట్టెలో నమోదైన వివరాలు తెరిచి చూశాడు.

"డిస్కు పోయి పద్దెనిమిది రోజులైంది మేడమ్. రోజూ పొద్దున్నే పెట్టె మొత్తుకుంటోంది. రోజూ మీ పాస్‌వర్డ్‌తోనే ఆ శబ్దం ఆపేశారు."

మొగుడూ అత్తగారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అది... ఆన్ చేస్తే అలాగే అంటుందనుకున్నా," అని నసిగింది ఎడిటరమ్మ. మరుక్షణమే పెట్టె మీదికి తిరిగింది. "అయినా తప్పంతా దీనిదే! ప్రాణం పోతుంటే బీప్ అంటే ఎవరికి తెలుస్తుంది? గొంతు చించుకుని అరవొద్దూ?"

ఆ విద్య ఆ ఇంట్లో ఒక్కరికే వచ్చు.