ఫోటోదే తుది మాట

గుర్తింపు కార్డులోని ఫోటోను ఇకపై బ్రహ్మదేవుడు కూడా మార్చలేడని మంత్రిగారు నిండు సభలో ప్రకటించారు. బ్రహ్మదేవుడి వైపు నుంచి ఖండన రాలేదు.

ఫోటో మీద లేజరు గీతలు, పక్కన దాని నీడబొమ్మ, ఆపైన గోరు దిగని పొర. నిపుణుల సంఘంలో, రిటైరైన భౌతికశాస్త్ర అధ్యాపకుడినని నాకూ చోటిచ్చారు. నేను నోరు విప్పనంతకాలం అందరికీ హాయిగానే ఉంది.

"ఫోటో మారదు, సరే. మనిషి మారతాడు కదండీ?" అన్నాను.

"వయసు పెరగడం వాళ్ల వ్యక్తిగత విషయం మాస్టారూ," అన్నారు కార్డుల శాఖ డైరెక్టరుగారు.

ఫోటోకూ ముఖానికీ తగాదా వస్తే ఫోటోదే తుది మాట అని మంత్రిగారు ఉత్తర్వు ఇచ్చారు. ముఖాన్ని నకిలీ చేయడం ఎంత తేలికో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఉత్తర్వు నిష్పక్షపాతంగా అమలైంది. మా తమ్ముడు మీసం తీసేసి బ్యాంకుకు వెళ్లాడు.

"మీసంతో రండి బాబాయ్," అంది కౌంటరులోని అమ్మాయి.

"నేను నేనేనమ్మా!"

"అయ్యుంటారు బాబాయ్, కాదనను. ఈయన మాత్రం కాదు."

మంత్రిగారి కార్డుకు ఆయన మొదటి ఎన్నికల పోస్టరులోని ఫోటోనే తీసుకున్నారు. ముప్ఫయ్యేళ్లుగా ఊరి గోడల మీద ఆయనకు ఒక్క తెల్లవెంట్రుక రాలేదు. "అచ్చు గుద్దినట్టుంది సార్," అన్నారు డైరెక్టరుగారు, మనిషి వంక చూడకుండా.

సచివాలయం గేటుకు బిగించిన కార్డు యంత్రం ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు అందులో తన కార్డు పెట్టి, కెమెరాకేసి చిరునవ్వు నవ్వారు. ఎర్రదీపం వెలిగింది.

"ఈ కార్డు మీది కాదండీ," అన్నాడు గార్డు.

"ఒరేయ్, నేను మంత్రినిరా!"

"దొంగకార్డు వాళ్లంతా ఇలాగే దబాయిస్తారని మంత్రిగారే చెప్పారండీ."

మంత్రిగారు డైరెక్టరు వంక చూశారు. డైరెక్టరు ఫోటో వంక చూసి నమస్కారం పెట్టారు.

తండ్రి పోలికలన్నీ పుణికిపుచ్చుకున్న కొడుకు, పార్టీ యువనేత, సాయం చేద్దామని ముందుకొచ్చి కెమెరాలోకి తొంగిచూశాడు. పచ్చదీపం వెలిగింది. గేటు తెరుచుకుంది. గార్డు సెల్యూట్ కొట్టి, కార్డు తీసి అతని చేతిలో పెట్టాడు. పూలగుత్తులు, ఫైళ్లు, డైరెక్టరుగారు ఆ యువకుడి వెంట లోపలికి పరుగెత్తారు.

"నాన్నా, నేనెవరో వీళ్లకు చెప్పరా!" అని గేటు బయటి నుంచి తండ్రి కేకేశారు.

కొడుకు ఆగాడు. చేతిలోని కార్డును చాలాసేపు చూశాడు. జేబులో వేసుకున్నాడు.

"పాపం, పెద్దాయన," అన్నాడు గార్డుతో. "నీడలో కుర్చీ వేయించండి."